పొట్ట మీద చారలు పడకుండా ఏం రాయాలి?

ప్రశ్న: నాకిప్పుడు ఆరో నెల. బొడ్డు కింద ఎర్రటి చారలు, దురద మొదలయ్యాయి. అత్తయ్యగారు కొబ్బరినూనె రాసుకోమంటున్నారు, స్నేహితురాలు ఖరీదైన క్రీమ్ కొనమంటోంది. ఏది వాడితే చారలు పడవు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చారలు పూర్తిగా పడకుండా ఆపే నూనెగానీ క్రీమ్‌గానీ లేదమ్మా. పరిశోధనలన్నిటినీ 2012లో సమీక్షించిన కాక్రేన్ సంస్థ కూడా ఇదే తేల్చింది. చర్మం లోపలి పొరలోని కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు సాగి తెగడం వల్ల ఇవి వస్తాయి. మీ అమ్మగారికి ఉంటే మీకూ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని ఆ క్రీమ్‌కి డబ్బు తగలేయకండి. అత్తయ్యగారి మాట వినండి: స్నానం చేశాక ఒళ్లు తడిగా ఉన్నప్పుడే కొబ్బరినూనె పలచగా రాస్తే దురద తగ్గుతుంది. గోళ్లతో గీరొద్దు. ఇద్దరికి సరిపడా తినమనే మాట మాత్రం వినకండి. బరువు ఒక్కసారిగా పెరిగితే చారలూ పెరుగుతాయి.

రెటినాయిడ్ ఉన్న క్రీములు ఇప్పుడు ముట్టుకోవద్దు, బిడ్డకు మంచిది కాదు. కాన్పయ్యాక ఎరుపు తగ్గి చారలు వెండిరంగుకు మారతాయి. ఇంకా ఇబ్బందనిపిస్తే, ఎర్రగా ఉండగానే చర్మవైద్యుల్ని కలవండి. లేజర్ అప్పుడే బాగా పనిచేస్తుంది.

ఒక్క జాగ్రత్త. దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే అది కాలేయ సమస్య కావచ్చు. ఆలస్యం చేయకుండా మీ డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి.