పాడి వర్తకమున మన దేశపు లెక్క

ఒక దేశము పరదేశములకు అమ్మిన సరుకుల వెలనుండి, పరదేశములవద్ద కొనిన సరుకుల వెలను తీసివేయగా వచ్చు భేదమునకు వర్తక శేషమని పేరు. అమ్మకము హెచ్చైనచో లాభమనియు, కొనుగోలు హెచ్చైనచో నష్టమనియు సామాన్యముగా చెప్పుదురు. పాడి సరుకుల విషయమున ఈ మాట ఎంతవరకు చెల్లునో పరీక్షించి చూతము.

పాలలో నూటికి ఎనుబది పాళ్లకు మించి నీరే. ఆ నీటిని ఓడకెక్కించి సముద్రము దాటించుట వ్యర్థప్రయాస. పైగా పాలు త్వరగా విరిగిపోవును. కావున దేశదేశముల నడుమ ముఖ్యముగా తిరుగునవి పాలపొడి, వెన్న, వెన్ననూనె, చీజు మున్నగునవి. న్యూజీలాండు జనసంఖ్య రమారమి అర కోటి. అక్కడి పాలలో నూటికి సుమారు 95 వంతులు ఈ రూపములతో విదేశములకే పోవును. భారతదేశమో, 1998 మొదలుకొని ప్రపంచమునందు మిక్కిలి పాలు ఉత్పత్తి చేయు దేశము. అయినను మనము వెలుపల అమ్మునది అత్యల్పము. త్రాగువారు ఇంటనే కోట్లకొలదిగా ఉన్నారు గదా!

స్వాతంత్ర్యము వచ్చిన తొలి దశాబ్దములలో మన లెక్క ఇట్లు లేదు. మహానగరములకు వలసిన పాలలో కొంతభాగము విదేశపు పొడితో కలిపినదే. బొంబాయివంటి పట్టణములలో మంచి గేదెలను పల్లెలనుండి తెచ్చి ఇరుకు కొట్టములలో కట్టి పితికెడివారు. అవి వట్టిపోయినంతనే కటికవాని పాలయ్యెడివి. పల్లెల మేలుజాతి పశువులు ఈ విధముగా తరిగిపోవుచుండెను. చవుకయైన పరదేశపు పొడి దొరకుచున్నంతకాలము పట్టణమున పాలధర పెరుగదు. ధర లేనిదే పల్లెటూరి రైతు దాణా కొని గేదెకు పెట్టడు. పెట్టనిదే పాలు లేవు. పాలు లేనిచో మరల పొడియే దిక్కు. ఇది గానుగెద్దు తిరుగుడు.

మరియొక చిక్కు గలదు. గేదె శీతకాలమున విస్తారముగా పాలిచ్చి వేసవిని తగ్గించును. చలికాలపు పాలను పొడిచేసి దాచినగాని ఏడాది పొడవున వాడుకలు నిలువవు. గేదెపాలను పొడిచేయుట సాధ్యము కాదని విదేశ నిపుణులు వాదించిరి. గుజరాతులోని ఆనందు పట్టణమునందు, 1946 లో ఏర్పడిన ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘమువారు, హెచ్. ఎం. దలాయా గారి నేర్పుతో దానిని సాధించి, 1955 లో కర్మాగారమును నెలకొల్పిరి.

ఇంతలో ఐరోపాలో పాలపొడియు వెన్నయు గుట్టలుపడెను. అక్కడి ప్రభుత్వములు రైతులకు ధరహామీ ఇచ్చుటచే ఉత్పత్తి అవసరమును మించినది. ఆ మిగులును బీదదేశములకు దానమిచ్చిన మేలుకదా యని తోచును. దానమని పేరైనను, అది ఉచితముగా వీధులలో పంచబడినచో మన పాలధర కూలి, పైన చెప్పిన తిరుగుడే మరింత వేగముగా సాగెడిది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థకు అధ్యక్షులైన వర్గీస్ కురియన్ గారు ఈ ప్రమాదమును గ్రహించిరి. 1970 లో ఆరంభమైన క్షీరవిప్లవ ప్రణాళికలో, ప్రపంచ ఆహార కార్యక్రమము ద్వారా వచ్చిన పొడిని, వెన్ననూనెను పాలుగా మార్చి, బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరములలో వెలకట్టి అమ్మించి, ఆ ధనముతో పల్లెలలో సంఘములను, శీతలీకరణ కేంద్రములను, దాణా కర్మాగారములను నిర్మింపజేసిరి. దానముగా వచ్చిన పాలు పాడికి పెట్టుబడియయ్యెను. పరదేశపు పొడికి అలవాటుపడుదుమని పలువురు విమర్శించిరి; ఆ భయము నిరాధారము కాదు. అయినను 1996 లో ప్రణాళిక ముగియునాటికి దేశము దిగుమతిపై ఆధారపడుట మానినది.

2019 నవంబరులో, న్యూజీలాండు, ఆస్ట్రేలియాలతో కూడిన పదునైదు దేశముల వర్తకపు ఒడంబడికలో చేరక మన ప్రభుత్వము వెనుదీసినపుడు చెప్పబడిన కారణములలో పాడిరైతుల క్షేమము ఒకటి. న్యూజీలాండు మందలో సగటున నాలుగువందలకు పైగా ఆవులుండును. మన రైతు దొడ్డిలో రెండో మూడో. ఆ రెంటికిని ఒకే సంతలో పోటీ పెట్టుట న్యాయమా? చవుక పొడి వచ్చినచో పట్టణపు కొనుగోలుదారునకు కొంత మిగులునన్నది నిజమే. అయితే ఆ మిగిలినది ఎవరి దొడ్డినుండి వచ్చుచున్నదో కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ఓడరేవు లెక్కలకు ఎన్నడును అందని భాగమొకటి ఉన్నది. మన దేశపు పాలలో సుమారు సగము పితికినవారి ఇండ్లలోనే, లేదా ఆ యూరిలోనే ఖర్చగును. పాపని ఉగ్గుగిన్నెలో పోసినది, పెరుగుగా తోడుపెట్టినది, కవ్వముతో చిలికి పొరుగింటికి చెంబెడు మజ్జిగగా ఇచ్చినది, ఇవన్నియు ఆ సగములోనివే.