కంప్యూటరులోని కంప్యూటరును ఆపడమెలా?

హైదరాబాదులో చార్మినారు నుంచి దక్షిణంగా వెళితే శాలిబండ వస్తుంది. అక్కడ 1904లో రాజా రాయ్ రాయన్ దేవిడీలో భాగంగా కట్టిన గడియార స్తంభం ఉంది. దానికి నాలుగు ముఖాలు. తెలుగు, హిందీ, అరబ్బీ, రోమన్ అంకెలు ఒక్కొక్క ముఖాన ఒక్కొక్క రకం. ఇటువంటి గడియారాలలో సాధారణంగా లోపలి యంత్రం ఒక్కటే. అది ఆగిందా, అన్ని ముఖాల ముళ్ళూ ఒకేసారి ఆగుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కంప్యూటరు లోపల ప్రోగ్రాముల సాయంతో మరో కంప్యూటరును సృష్టించవచ్చు. దీన్నే వర్చువల్ మెషిన్, అంటే మిథ్యాయంత్రం అంటారు. అసలు కంప్యూటరు తన మెమరీలో, డిస్కులో కొంత భాగం దానికి కేటాయిస్తుంది. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 పేరుతో ఇలాంటి ఏర్పాటును ప్రకటించింది.

మరి కంటైనర్ అంటే ఏమిటి? ఒక ప్రోగ్రామును దానికి కావలసిన ఫైళ్ళతో సహా కట్టిన మూట అనుకోండి. 2013లో డాకర్ వచ్చాక ఇవి బాగా వ్యాప్తిలోకి వచ్చాయి. కంటైనరుకు సొంత కెర్నెల్ ఉండదు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. లైనక్స్ కంటైనర్లకు లైనక్స్ కెర్నెలే కావాలి. విండోస్, మాక్ కంప్యూటర్లలో అది ఉండదు కనుక, ఒక చిన్న లైనక్స్ మిథ్యాయంత్రాన్ని నడిపి, కంటైనర్లన్నిటినీ అందులో ఉంచుతారు. కెర్నెల్ గడియార యంత్రమైతే, కంటైనర్లు దాని ముఖాలన్నమాట!

పని అయిపోయాక ఈ యంత్రాన్ని ఆపితే, అది వాడుకుంటున్న మెమరీ అసలు కంప్యూటరుకు తిరిగి దక్కుతుంది. అయితే ఉన్నపళంగా ఆపేస్తే? మీ బడి మార్కులు ఒక కంటైనరులో నమోదవుతున్నాయనుకుందాం. రాసినవన్నీ వెంటనే డిస్కుకు చేరవు. వేగం కోసం కొంతసేపు మెమరీలోనే ఉంటాయి. ఆ క్షణాన ఆపితే కొన్ని మార్కులు పోవచ్చు, ఫైలే పాడుకావచ్చు.

అందుకే ముందు కంటైనర్లను ఆపాలి. ఆపమనగానే డాకర్ ఆ ప్రోగ్రాముకు మామూలుగా 15వ నంబరు సంకేతం పంపుతుంది. “పని ముగించుకో” అని దాని అర్థం. సాధారణంగా 10 సెకన్లు ఆగి చూస్తుంది. అప్పటికీ వినకపోతే 9వ నంబరు సంకేతం పంపుతుంది. దాన్ని ఏ ప్రోగ్రామూ కాదనలేదు. ఆ తర్వాత మిథ్యాయంత్రాన్ని ఆపాలి. పాడ్‌మన్ వాడేవారు ఇందుకు ‘పాడ్‌మన్ మెషిన్ స్టాప్’ అని ఆజ్ఞ ఇస్తారు. అప్పుడు లోపలి లైనక్స్ మిగిలిన సమాచారాన్ని డిస్కుకు చేర్చి విశ్రమిస్తుంది.

ఆపడం వేరు, తొలగించడం వేరు. ఆపితే మెమరీలోనిది పోతుంది గాని డిస్కులోనిది భద్రం. తిరిగి ప్రారంభించి వాడుకోవచ్చు. మిథ్యాయంత్రాన్నే తొలగిస్తే, దాని డిస్కులోని కంటైనర్లు, సమాచారం అన్నీ పోతాయి. కాబట్టి ముఖ్యమైనవాటికి నకలు బయట దాచుకోవాలి.

ఆలోచించండి: ఒక మిథ్యాయంత్రంలో మూడు కంటైనర్లు నడుస్తున్నాయి. ఒకదాన్ని ఆపితే మిగిలిన రెండూ ఏమవుతాయి? యంత్రాన్నే ఆపితే? కారణాలతో సహా మీ నోటుబుక్కులో రాయండి.