బ్రాండు విస్తరణపై వినియోగదారుల అంచనా: పత్తర్‌గట్టి మార్కెట్ నుంచి రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు పాఠాలు

ఒక వస్తువుతో పేరు పొందిన సంస్థ అదే పేరుతో మరొక వర్గానికి చెందిన వస్తువును విక్రయించడాన్ని బ్రాండు విస్తరణ అంటారు. పసుపు పొడితో గుర్తింపు పొందిన రైతు ఉత్పత్తిదారుల సంస్థ పచ్చళ్లు, నూనెలు లేదా విత్తనాల విక్రయం చేపట్టదలచినప్పుడు ఇదే ప్రశ్న ఎదురవుతుంది. చిన్న సంస్థకు పేరే ప్రధాన పెట్టుబడి కనుక ఈ నిర్ణయం సభ్యులైన రైతుల ఆదాయాన్ని నేరుగా ప్రభావితం చేస్తుంది.

వినియోగదారులు పరిశీలించే అంశాలు

డేవిడ్ ఆకర్, కెవిన్ కెల్లర్ 1990లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు ప్రసిద్ధ బ్రాండ్లకు 20 ఊహాజనిత విస్తరణలను సూచించి అభిప్రాయాలు సేకరించారు. పాత వస్తువుకు, కొత్త వస్తువుకు మధ్య పొంతన ఉన్నప్పుడే మాతృ బ్రాండు నాణ్యతపై గల సదభిప్రాయం కొత్త వస్తువుకు బదిలీ అవుతుందని తేలింది. ఈ పొంతనను మూడు కోణాలలో పరిశీలించారు: రెండింటినీ కలిపి వాడుకోవడం, ఒకదానికి బదులు మరొకటి వాడుకోవడం, ఒకదాని తయారీ నైపుణ్యం రెండవదానికి ఉపకరించడం. ఎవరైనా సులభంగా తయారుచేయగల వస్తువుకు ప్రసిద్ధమైన పేరు తగిలిస్తే, అది అధిక ధర కోసమేనన్న అనుమానం కలగవచ్చు.

హైదరాబాదు అనుభవం

చార్మినార్, మదీనా భవనాల మధ్యనున్న పత్తర్‌గట్టి ముత్యాల వ్యాపారానికి ప్రసిద్ధి. హైదరాబాదుకు సముద్రం లేదు. కొనుగోలుదారులు నమ్మేది ముత్యం పుట్టిన చోటును కాదు, దాని మెరుపును, గుండ్రదనాన్ని, రంగును బట్టి వేరుచేయగల వర్తకుని చూపును. ఆ చూపు రత్నాలకూ అవసరమే. అందువల్ల ముత్యాల దుకాణంలో రత్నాభరణాలు కనిపిస్తే కొనుగోలుదారులు ఆశ్చర్యపడరు. అదే పేరుతో బియ్యం అమ్మితే ఆ నమ్మకం తోడురాదు.

హైదరాబాదులోనే 1920లో ప్రారంభమైన జిందా తిలిస్మాత్ యునానీ ఔషధం. ఆ సంస్థ పళ్ల పొడిని ఫారూకీ అనే వేరే పేరుతో విక్రయిస్తున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో స్థాపించిన అమృతాంజన్ సంస్థ 2011లో పానీయాల వ్యాపారంలో ప్రవేశించినప్పుడు పండ్లరసానికి ఫ్రూట్‌నిక్ అనే పేరునే కొనసాగించింది. నొప్పి మందు వాసనను గుర్తుచేసే పేరు పండ్లరసానికి నప్పదు. నైపుణ్యం తోడ్పడినా తోడ్పడకపోయినా, పాత వస్తువు జ్ఞాపకాలు పేరు వెంటే వస్తాయి.

రైతు సంస్థలకు సూచనలు

1. సంస్థను ఏ నైపుణ్యం కోసం నమ్ముతున్నారో ప్రస్తుత కొనుగోలుదారులనే అడిగి తెలుసుకోవాలి. ఆరబెట్టడం, శుభ్రపరచడం, కల్తీ లేకుండా మరపట్టడం అని చెబితే మిరప, ధనియాల పొడులు సహజమైన విస్తరణలు.

2. విత్తనాల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. పసుపు పొడి నాణ్యత వంటలో వెంటనే తెలుస్తుంది. విత్తన నాణ్యత విత్తిన తరువాతే తెలుస్తుంది. మొలక దెబ్బతింటే ఒక పంటకాలం నష్టపోయిన రైతు, అదే పేరుగల పసుపును కూడా అనుమానిస్తాడు. కావున విత్తనాలకు వేరే పేరు పెట్టడం మేలు.

3. కొత్త వస్తువును ముందుగా పరిమిత పరిమాణంలో విక్రయించి, తిరిగి కొన్నవారి సంఖ్యను నమోదు చేయాలి. తొలి కొనుగోలు పాత పేరుపై నమ్మకాన్ని, మలి కొనుగోలు కొత్త వస్తువు నాణ్యతను తెలుపుతాయి.