కాంక్రీటు ఒక్కటే చాలదు: అమెరికాలో జనరల్ కాంట్రాక్టరు లైసెన్సు

కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో ఒక వాటర్ పార్కు ఉండేది. అందులోని సర్ఫింగ్ కొలనులో కృత్రిమంగా అలలు పుట్టించే పరికరాలను హైడ్రోటెక్ సిస్టమ్స్ అనే న్యూయార్క్ సంస్థ బిగించింది. పని అయ్యాక పార్కు వాళ్లు బిల్లులో కొంత ఆపేశారు. సంస్థ కోర్టుకెక్కింది. తనకు కాలిఫోర్నియా కాంట్రాక్టరు లైసెన్సు లేదు కాబట్టి మొదట వెనకాడానని, డబ్బు తప్పక ఇస్తామని మాటిచ్చి పని చేయించుకున్నారని, ఇది మోసమని వాదించింది. 1991లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. లైసెన్సు లేకుండా చేసిన పనికి డబ్బు అడిగే హక్కే లేదని, ఎదుటివాడు మోసం చేశాడన్న ఆరోపణ కూడా ఆ హక్కును తెచ్చిపెట్టదని తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన 7031వ సెక్షన్ తర్వాత ఇంకా బిగిసింది. ఇప్పుడు లైసెన్సు లేని కాంట్రాక్టరుకు బాకీ రాకపోవడమే కాదు, అప్పటికే ఇచ్చిన డబ్బంతా తిరిగి ఇమ్మని కూడా ఇంటి యజమాని దావా వేయవచ్చు.

అమెరికాలో జనరల్ కాంట్రాక్టరు, అంటే మొత్తం కట్టడం పనిని ఒప్పుకుని నడిపించేవాడు, కావాలనుకునే యువకులు ముందుగా అర్థం చేసుకోవలసింది ఇదే. అక్కడ లైసెన్సు అంటే పనితనానికి ఇచ్చే మెచ్చుకోలు పత్రం కాదు. చేసిన పనికి కూలి అడిగే హక్కు దాని మీదే నిలబడుతుంది. రాష్ట్రం ఆ హక్కును ఇచ్చే ముందు రెండు విషయాలు తేల్చుకుంటుంది. మీరు నిజంగా సైట్‌లో పని చేశారా, ఇతరుల డబ్బుతో వ్యవహరించడం మీకు తెలుసా అన్నవి ఆ రెండు. మన విద్యార్థులు మాత్రం ఈ పరీక్షను ఈఏపీసెట్‌లాగానో గ్రూప్స్‌లాగానో చూసి ప్రశ్నల బ్యాంకు వెతకడంతో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో అది తలకిందుల వరస. ముందు అనుభవానికి రుజువులు కూడబెట్టుకోవాలి, తర్వాత ఒప్పందాల చట్టం చదవాలి, ప్రశ్నల బ్యాంకు ఆఖర్న రావాలి.

దేశమంతటికీ చెల్లే లైసెన్సు అమెరికాలో లేదు. కాబట్టి ఏ రాష్ట్రం అన్నది మొదట తేల్చుకోవాలి. డాలస్, ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాల్లో మనవాళ్లు ఎక్కువ. అక్కడి టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సే లేదు. ఎలక్ట్రీషియన్‌కు, ప్లంబర్‌కు, ఏసీ పనివాళ్లకు ఉంటుంది, ఇళ్లు కట్టేవాడు ఊరి మున్సిపాలిటీలో నమోదు చేసుకుంటే చాలు. నార్త్ కరోలినాలో 40,000 డాలర్లు, ఆపైన విలువున్న పనికి లైసెన్సు కావాలి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఆ గీత 1,000 డాలర్ల దగ్గర ఉంది. అంతకన్నా చిన్న పనికైనా పర్మిట్ అవసరమైతే, లేదా పనివాళ్లను పెట్టుకుంటే, మినహాయింపు పోతుంది. నిబంధనలు బాగా కట్టుదిట్టంగా ఉన్నది కాలిఫోర్నియాలో కనుక ఇక్కడి నుంచి దాన్నే ప్రధాన ఉదాహరణగా తీసుకుంటాను.

అక్కడ లైసెన్సులిచ్చేది కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు, 1929 నుంచీ ఉన్న సంస్థ. రోడ్లు, వంతెనలు, కాలువల వంటివి క్లాస్ ఏ కిందికి, భవనాలు క్లాస్ బీ కిందికి, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ వంటి విడివిడి పనులు క్లాస్ సీ కిందికి వస్తాయి. సాధారణంగా జనరల్ కాంట్రాక్టరు అంటే క్లాస్ బీ. గడిచిన పదేళ్లలో కనీసం నాలుగేళ్లు, సహాయకుడిగా కాకుండా, మరొకరి అజమాయిషీ లేకుండా పని చేయగలిగిన పూర్తిస్థాయి పనివాడిగానో, ఫోర్‌మన్‌గానో, సూపర్‌వైజర్‌గానో, కాంట్రాక్టరుగానో అనుభవం ఉండాలి. సివిల్‌లో బీటెక్ చేశాను కదా అంటారా? సంబంధిత ఇంజనీరింగ్ డిగ్రీకి బోర్డు గరిష్ఠంగా మూడేళ్ల వరకు మినహాయింపు ఇవ్వవచ్చు. ఎంత ఇవ్వాలన్నది బోర్డు ఇష్టం. కనీసం ఒక ఏడాది మాత్రం చేతిమీదుగా చేసిన పని ఉండి తీరాలి. చాలామంది ఆ ఏడాది దగ్గరే చిక్కుకుంటారు. ఆఫీసులో డిజైన్ సాఫ్ట్‌వేర్ ముందు గడిపిన కాలం సైట్ అనుభవం కాదు. పైగా క్లాస్ బీకి ఒక్క చట్రం కట్టే పని చాలదు, దానికి తోడు వేర్వేరు రకాల పనులు కనీసం రెండింటిలోనైనా చేయి తిరిగి ఉండాలి.

ఈ అనుభవాన్ని మీరు చెప్పుకుంటే సరిపోదు. మీ పనిని కళ్లారా చూసినవారు, అంటే యజమానో, తోటి పనివాడో, ఇంజనీరో, ఆర్కిటెక్టో, బిల్డింగ్ ఇన్‌స్పెక్టరో, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ సంతకం చేయాలి. దరఖాస్తుల్లో కొంత శాతాన్ని ఎంచి బోర్డు లోతుగా పరిశీలిస్తుంది. అప్పుడు జీతం చిట్టాలు, పన్ను పత్రాలు, పర్మిట్లు, ఒప్పందాలు చూపించాలి. అనుభవం ఆ రాష్ట్రంలోనే సంపాదించాలన్న పట్టింపు లేదు, కానీ నిలబడే రుజువుండాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సైట్ ఇంజనీరుగా చేసి వెళ్లిన కుర్రాడి చేతిలో సాధారణంగా ఉండేది నాలుగు వరుసల రిలీవింగ్ లెటర్. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మా దగ్గర పనిచేశాడు, ప్రవర్తన మంచిది అని ఉంటుంది. అతను ఏ పని చేశాడో, ఎంతమంది మేస్త్రీలను నడిపించాడో, రోజంతా సైట్‌లోనే ఉన్నాడో లేదో అందులో ఒక్క ముక్క ఉండదు. ఐదేళ్ల తర్వాత ఆ కంపెనీకి రాస్తే అప్పటి ప్రాజెక్ట్ మేనేజర్ వేరే ఊళ్లో ఉంటాడు, ఫోను నంబరు మారిపోయి ఉంటుంది. పరీక్షలో తప్పితే మళ్లీ రాయవచ్చు. రుజువు లేని ఏడాదిని మాత్రం తిరిగి తెచ్చుకోలేం. అనుభవం కాగితాలే ముందు అనడానికి నా కారణం అది.

ఇక పరీక్ష. రెండు పేపర్లు, రెండూ బహుళైచ్ఛిక ప్రశ్నలే, పుస్తకాలు చూడనివ్వరు. ఒకటి ఎంచుకున్న పనికి సంబంధించినది. రెండోది ‘లా అండ్ బిజినెస్’, ప్లంబరైనా వంతెనలు కట్టేవాడైనా దాదాపు ఎవరూ తప్పించుకోలేని ఉమ్మడి పేపరు. రాష్ట్రం దేనికి బరువిస్తోందో దీన్నిబట్టే తెలుస్తుంది. వ్యాపార సంస్థ ఏర్పాటు, లైసెన్సు నియమాలు, ఆర్థిక లెక్కలు, ఉద్యోగుల చట్టాలు, బీమా, ఒప్పందాలు, ప్రభుత్వ పనులు, భద్రత ఇందులో వస్తాయి. ఒక్క ఉదాహరణ చాలు. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు పనికి ముందుగా తీసుకునే డబ్బు 1,000 డాలర్లు, లేదా ఒప్పందం విలువలో పది శాతం, వీటిలో ఏది తక్కువైతే అంతకు మించకూడదు. అంటే 80,000 డాలర్ల వంటగది పనికైనా అడ్వాన్సు 1,000 డాలర్లే. సగం డబ్బు ముందే పుచ్చుకుని ఇసుక, సిమెంటు దింపించే మన అలవాటుతో వెళ్లినవాడికి ఈ నియమం మింగుడుపడదు. మధ్యలో పని మారితే ఆ మార్పు రాతలో ఉండాలి. డబ్బు ఎగ్గొడితే ఆస్తి మీద హక్కు నమోదు చేయించుకునే వెసులుబాటు కాంట్రాక్టరుకు ఉంది, దానికి రోజుల గడువు కూడా ఉంది. యజమానితో నేరుగా ఒప్పందం లేని సబ్ కాంట్రాక్టరు అయితే పని మొదలుపెట్టిన 20 రోజుల్లోపు ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఇస్తే రావలసిన మొత్తానికి రక్షణ, ఆలస్యంగా ఇస్తే నోటీసుకు 20 రోజులకన్నా ముందు చేసిన పనికి ఆ రక్షణ పోయినట్టే. ఇవి బట్టీ పట్టాల్సిన అంకెల్లా కనిపిస్తాయి గానీ, వ్యాపారంలో డబ్బు పోయే కన్నాలు సరిగ్గా ఇవే. వీటికి ఆధారమైన చట్టాల పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవవచ్చు. ఒక్కో పేపర్లో ఏ అంశానికి ఎంత వాటా ఉంటుందో చెప్పే స్టడీ గైడ్లు కూడా ఉచితమే. వందల డాలర్లు పోసి కోచింగ్‌లో చేరేముందు వీటిని తిరగేయనివాళ్లే ఎక్కువ, ఎందుకో మరి!

పని పేపర్లో మన ఇంజనీర్లకు ఎదురయ్యే ఇబ్బంది వేరు. అక్కడి మామూలు ఇల్లు కలప చట్రం మీద లేస్తుంది. స్లాబు, సెంట్రింగు, కాలమ్‌లో ఊచల లెక్క తెలిసినవాడికి గోడలో 16 అంగుళాలకొకటి నిలబెట్టే కలప స్తంభాలు, కిటికీ మీద బరువు మోసే దూలాలు, భూకంపపు ఊపును తట్టుకునే గోడలు కొత్త. కొలతలు అడుగులు, అంగుళాల్లో ఉంటాయి. ఐదడుగులు, అంతకన్నా లోతైన కందకానికి కూలిపోకుండా రక్షణ ఏర్పాటు చేయాలన్నది మన పాఠ్యపుస్తకాల్లో ఏ మూలనో ఉంటుందేమో గానీ సైట్‌లో కనబడదు. అక్కడ అది చట్టం. బీటెక్ పరిజ్ఞానం ఇక్కడ పనికిరాదని కాదు, అంచనాలు వేయడంలోనూ ప్లాను చదవడంలోనూ అది బాగా అక్కరకొస్తుంది. దాన్నే నమ్ముకుని చదవకుండా వెళితే మాత్రం మునిగిపోతారు. తప్పినవాళ్లు మూడు వారాలు ఆగి మళ్లీ రాయవచ్చు, దరఖాస్తు అంగీకరించిన నాటి నుంచి 18 నెలల్లో గట్టెక్కాలి.

అన్ని రాష్ట్రాల పరీక్షలూ ఒకే రకం కావు. ఫ్లోరిడాలో మూడు భాగాలుంటాయి, 70 శాతం రావాలి, అనుమతించిన పుస్తకాలు వెంట తీసుకెళ్లవచ్చు. పుస్తకం చూసి రాయడమే కదా అని తేలిగ్గా తీసుకుంటే సమయం చాలదు. ఏ నియమం ఏ పుస్తకంలో ఎక్కడుందో వేళ్లకు అలవాటు కావాలి. ట్యాబులు అతికించి గడియారం పెట్టుకుని వెతకడమే అక్కడి సాధన. వాణిజ్య భవనాలకు నాస్క్లా అనే సంస్థ నిర్వహించే ఉమ్మడి పరీక్ష ఒకటుంది. జార్జియా, నార్త్ కరోలినా, టెనెసీ సహా పదికి పైగా రాష్ట్రాలు దాన్ని అంగీకరిస్తాయి. పరీక్ష ఒకటే, లైసెన్సు మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రమే ఇస్తుంది, చట్టం పేపరు చాలాచోట్ల విడిగా రాయాలి. భర్త ఉద్యోగం వల్లనో భార్య ఉద్యోగం వల్లనో రాష్ట్రం మారే అవకాశమున్న కుటుంబాలకు ఇది తెలివైన ఎంపిక.

నా వాదనకు మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: ప్రశ్నల బ్యాంకు బట్టీ పట్టి చాలామంది పాసయ్యారు కదా? అయ్యారు. ప్రశ్నల సాధనను నేను వద్దనడం లేదు. కానీ పాసైన మర్నాటి నుంచి ఆ ఒప్పందాలు రాసుకోవలసింది వాళ్లే. బట్టీ పట్టినవాడికి ఆ జ్ఞానం అప్పటికే జారిపోయి ఉంటుంది. రెండోది: లైసెన్సున్నవాడిని పేరుకు పెట్టుకుంటే పోదా? దీన్ని గట్టిగా కాదనాలి. కాలిఫోర్నియాలో సంస్థ తరఫున పరీక్ష రాసిన వ్యక్తి పనిని నేరుగా పర్యవేక్షించాలి. అతను ఉద్యోగి హోదాలో ఉంటే వారానికి కనీసం 32 గంటలో, సంస్థ పనివేళల్లో 80 శాతమో, ఏది తక్కువైతే అంతసేపు పనిచేయాలి. పేరు అద్దెకిస్తే ఇచ్చినవాడికీ, తీసుకున్నవాడికీ చిక్కే. కొత్తగా లైసెన్సు పొందిన కుర్రాళ్లకు నెలకింత ఇస్తామని ఇలాంటి బేరాలు వస్తాయి, వాటి జోలికి పోవద్దు.

మూడో అభ్యంతరం మాత్రం బరువైనదే. ఈ లైసెన్సులన్నీ పాతవాళ్లు కొత్తవాళ్లను రానివ్వకుండా కట్టుకున్న గోడలని, టెక్సస్‌లో లైసెన్సు లేకుండానే లక్షల ఇళ్లు లేస్తున్నాయని అంటారు. టెక్సస్ 2003లో ఇళ్ల నిర్మాణానికి ఒక కమిషన్ పెట్టింది, 2009లో శాసనసభ దాన్ని కొనసాగించకుండా వదిలేసింది. కాబట్టి విధానంగా ఈ విమర్శలో పస ఉంది. మన దగ్గర కూడా ప్రైవేటు ఇల్లు కట్టే మేస్త్రీని ఎవరూ పరీక్ష పెట్టి ఎంచరు. అయితే చట్టం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు, బతుకుదెరువు వెతుక్కునేవాడి నిర్ణయం వేరు. టెక్సస్ పక్కనున్న లూయిజియానాలో పెద్ద పని పట్టాలంటే లైసెన్సు తప్పదు. లైసెన్సు లేని రాష్ట్రంలోనూ ఒప్పందం రాయడం, బీమా తీసుకోవడం, బాకీ రాబట్టుకోవడం తెలియాల్సిందే. అక్కడ పరీక్ష పెట్టేవాడు లేడంతే, తప్పుకు పడే జరిమానా కాంట్రాక్టరు జేబులోంచే పోతుంది.

ఖర్చు సంగతి క్లుప్తంగా. కాలిఫోర్నియాలో దరఖాస్తుకు 450 డాలర్లు, సొంత యజమానికి తొలి లైసెన్సు రుసుము 200 డాలర్లు. వేలిముద్రలు ఇవ్వాలి, 25,000 డాలర్ల బాండు సమర్పించాలి. బాండు కోసం ఆ మొత్తం మీరు కట్టనక్కర్లేదు, మీ క్రెడిట్ చరిత్రను బట్టి అందులో కొద్ది శాతం ఏటా ప్రీమియంగా చెల్లిస్తారు. ఆ బాండు రక్షించేది మీ ఖాతాదారుణ్ని, మిమ్మల్ని కాదు. నార్త్ కరోలినాలో అయితే 7,50,000 డాలర్ల దాకా పనులు పట్టే తొలి మెట్టుకే సాధారణంగా 17,000 డాలర్ల వర్కింగ్ క్యాపిటల్ చూపించాలి. వీసా విషయంలోనూ ఒక హెచ్చరిక. రాష్ట్రం ఇచ్చే లైసెన్సు పని చేసే అనుమతి కాదు. హెచ్-1బీ మీద ఉన్నవారు తమ యజమానికి కాక బయట కాంట్రాక్టు పనులు చేస్తే వీసాకే ముప్పు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పని అనుమతి పత్రమున్న హెచ్-4 జీవిత భాగస్వాములకు ఆ అడ్డంకి ఉండదు. అలాంటివారిలో సివిల్ చదివి ఇంట్లో ఉండిపోయినవారికి ఇది చేతికందే దారే.

సైట్‌లో పనిచేస్తున్న ప్రతి జూనియర్ ఇంజనీరుకూ, అమెరికా వెళ్లాలన్న ఆలోచన ఇప్పుడు లేకపోయినా సరే, నేను చెప్పేదొకటే. ఉద్యోగం మారేముందు మీరు చేసిన పనుల జాబితా, తేదీలు, పూర్తికాలం చేశారన్న మాట రాయించి, మీ పనిని చూసిన ఇంజనీరు చేత సంతకం పెట్టించుకోండి. ఆయన శాశ్వత చిరునామా కూడా దగ్గర ఉంచుకోండి.