తరగతి గది పరిశీలన: హెచ్ఎం, ఉపాధ్యాయుల మధ్య ఘర్షణ ఎందుకు?

(డీఎస్సీ, శాఖాపరమైన పరీక్షల అభ్యర్థులకు)

నేపథ్యం
ప్రపంచ బ్యాంకు 2021లో ఆమోదించిన 25 కోట్ల డాలర్ల 'సాల్ట్' పథకంతో ఆంధ్రప్రదేశ్‌లోకి తరగతి పరిశీలన సాధనం 'టీచ్ టూల్' వచ్చింది. పరిశీలకులు పాఠాన్ని 15 నిమిషాల చొప్పున రెండు విడతలు చూసి తరగతి వాతావరణం, బోధన, సామాజిక-భావోద్వేగ నైపుణ్యాలకు సంబంధించిన తొమ్మిది అంశాలకు 1 నుంచి 5 వరకు స్కోరు వేస్తారు. స్కోరు అనగానే చాలామందికి తనిఖీయే గుర్తొస్తుంది; హెచ్ఎం పాఠం చూడటానికి వచ్చినా అదే అనుమానం.

ఘర్షణకు కారణాలు
* రెండు పాత్రలు: సెలవు మంజూరు చేసేదీ, సంజాయిషీ అడిగేదీ, బోధనకు సలహా ఇచ్చేదీ హెచ్ఎమ్మే. సలహా కూడా హెచ్చరికలా వినిపిస్తుంది.
* సమాన హోదా: కొల్లేరు లంకల్లాంటి చోట్ల ఇద్దరు టీచర్ల బడిలో ఇన్‌ఛార్జి హెచ్ఎం కూడా ఎస్‌జీటీయే. పక్క తరగతి చూడబోతే తన తరగతి ఖాళీ.
* సబ్జెక్టు తేడా: ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల ఉన్నత పాఠశాలల్లో సోషల్ చదివిన హెచ్ఎం గణితం పాఠానికి వెళ్లాల్సి రావచ్చు. 'మా సబ్జెక్టు ఆయనకేం తెలుసు?' అనే మాట అక్కడ పుడుతుంది.

పరిష్కారం: క్లినికల్ పర్యవేక్షణ
1950లలో హార్వర్డ్‌లో మోరిస్ కోగన్ బృందం దీన్ని రూపొందించింది. ఆ బృందంలోని గోల్డ్‌హామర్ 1969లో దీనికి ఐదు దశలు చెప్పాడు: ముందస్తు సమావేశం, పరిశీలన, విశ్లేషణ, చర్చ, చర్చపై సమీక్ష.

ముందస్తు సమావేశంలో ఏం చూడాలో ఉపాధ్యాయుడే ఎంచుకుంటే సగం బిగువు సడలుతుంది. చినఎడ్లగాడి దగ్గర ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి కొల్లేరు నీరొచ్చి పిల్లలు సరిగా రాని రోజుల్లో పరిశీలన వాయిదా వేయాలి. చూసేటప్పుడు తీర్పులు రాయకూడదు. 'పిల్లలకు ఆసక్తి లేదు' అనే బదులు 'అడిగిన ఎనిమిది ప్రశ్నల్లో ఆరు ముందు బెంచీలకే వెళ్లాయి' అని రాస్తే వాదనకు తావుండదు. హెచ్ఎం ముందుగా తన పాఠాన్నే చూడమని సహోద్యోగులను పిలిస్తే హోదా చిక్కు తగ్గుతుంది. సబ్జెక్టు లోతుపాతులను స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అదే సబ్జెక్టు టీచర్లకు వదిలేయాలి.

గుర్తుంచుకోండి
* కొఠారి కమిషన్ (1964-66): పాలన, విద్యా పర్యవేక్షణ వేరుగా ఉండాలి; స్కూల్ కాంప్లెక్సులు ఏర్పాటు చేయాలి.
* జాతీయ విద్యా విధానం 2020: ఏటా కనీసం 50 గంటల వృత్తిపర అభివృద్ధి.

నమూనా ప్రశ్న
పరిశీలన నోట్సును హెచ్ఎం మొదట ఎవరికి చూపాలి?
ఎ) ఎంఈఓ బి) తల్లిదండ్రుల కమిటీ సి) సంబంధిత ఉపాధ్యాయుడు డి) సీనియర్ టీచరు
జవాబు: సి. నోట్సు ముందే పైకి వెళ్తే పరిశీలన తనిఖీగా మారుతుంది.