నాలుగేళ్లు అమ్మకం లేని కంపెనీ

సుల్తానాబాద్ సర్కారు దవాఖానలో టీకాలు వేసే రోజున మీరు ఎప్పుడైనా నిలబడి చూశారా? తల్లులు పసిబిడ్డలను ఒళ్లో పెట్టుకొని కూర్చుంటారు. నర్సు చల్లని పెట్టెలోంచి చిన్న సీసా తీసి, బిడ్డ తొడకు సూది వేస్తుంది. బిడ్డ కెవ్వుమంటుంది. ఆ ఒక్క సూదిలో ఐదు జబ్బులకు టీకా ఉంది. అందులో ఒకటి హెపటైటిస్-బి. ఇది కాలేయాన్ని పట్టే వైరస్. పసితనంలో సోకితే చాలామందిలో అది శరీరంలోనే ఉండిపోయి, పెద్దయ్యాక కాలేయాన్ని పాడు చేస్తుంది; కొందరిలో క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

ఇప్పుడు ఆ తల్లి పైసా ఇవ్వనక్కరలేదు. కాని 1990ల మొదట్లో ఈ టీకా విదేశాల నుంచి రావలసిందే. ఒక్క డోసు ధర ఏడెనిమిది వందల రూపాయలు. బిడ్డకు మూడు డోసులు కావాలి. నాట్లు వేసే కూలి మనిషి ఎన్ని రోజులు పని చేస్తే అంత డబ్బు వస్తుందో మీ నాయనమ్మను అడిగి చూడండి.

1992లో జెనీవాలో జరిగిన ఒక సమావేశానికి కె. ఐ. వరప్రసాదరెడ్డి అనే తెలుగు ఇంజనీరు వెళ్లారు. ఆయనది నెల్లూరు జిల్లా. చదివింది ఎలక్ట్రానిక్స్, జీవశాస్త్రం కాదు. ఈ జబ్బు గురించి అక్కడ విన్నారు. టీకా తయారుచేసే పద్ధతిని కొందామని అడిగితే విదేశీ కంపెనీ ఇవ్వలేదు. అయితే మనమే చేద్దామని 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థను స్థాపించారు. శాంతమ్మ ఆయన తల్లి పేరు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, సుల్తానాబాద్ చుట్టూ ఉన్న రైస్ మిల్లులను తలుచుకోండి. మిల్లు పెట్టేవారికీ అప్పు ఉంటుంది, దిగులూ ఉంటుంది. కాని వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే ఉప్పుడు బియ్యం వస్తాయని ముందే తెలుసు. యాసంగి పంట వచ్చిందంటే మిల్లు తిరుగుతుంది. శాంతా సంస్థకు ఆ భరోసా లేదు. ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత సి.సి.ఎం.బి.లో చోటు సంపాదించి శాస్త్రవేత్తలు పని మొదలుపెట్టారు. టీకా వస్తుందో రాదో తెలియదు. జీతాలు మాత్రం ప్రతి నెలా ఇవ్వాలి.

ఇంతకూ వారు చేయవలసిన పని ఏమిటి? కల్లు పులియడానికి ఈస్ట్ అనే సూక్ష్మజీవి కారణమని మీకు తెలుసు. ఆ జాతికి చెందిన పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌ను తీసుకున్నారు. వైరస్ పైపొరలో ఉండే ఒక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును దానిలో చేర్చారు. ఈస్ట్ పెరుగుతూ ఆ ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. దాన్ని వేరుచేసి శుద్ధి చేస్తే టీకా. అందులో వైరస్ ఉండదు గనుక జబ్బు రాదు. శరీరం మాత్రం ఆ పైపొరను గుర్తుపెట్టుకొని, అసలు వైరస్ వస్తే ఎదుర్కొంటుంది.

పరీక్షనాళికలో ఒకసారి సాధిస్తే చాలదు. పెద్ద పాత్రలో, ప్రతిసారీ, అదే శుద్ధితో, సరిపడినంత ప్రోటీన్ రావాలి. ఏళ్లు పట్టేది ఇక్కడే.

డబ్బు మాటకొస్తే, ఇక్కడి బ్యాంకులు ముందుకు రాలేదు. వారిని తప్పు పట్టలేము. తాకట్టు పెట్టడానికి ఈస్ట్ తప్ప ఏముంది? చివరికి ఒమన్ దేశపు మంత్రి యూసుఫ్ బిన్ అలవి అబ్దుల్లా పెట్టుబడి పెట్టి ఆదుకున్నారు.

1997 ఆగస్టులో షాన్‌వాక్-బి అనే పేరుతో టీకా వెలువడింది. విదేశీ టీకా కంటే ఎంతో చవక. ఇంత చవకగా అమ్మితే కంపెనీ ఎలా నిలుస్తుంది? ఒక లెక్క చేద్దాం. పరిశోధనకూ యంత్రాలకూ 10 కోట్ల రూపాయలు ఖర్చయిందని ఊహించుకోండి. లక్ష డోసులే అమ్మితే ఒక్కొక్క డోసు మీద 1,000 రూపాయల ఖర్చు పడుతుంది. కోటి డోసులు అమ్మితే? 10 రూపాయలు. మన దేశంలో ఏటా పుట్టే బిడ్డలు రెండు కోట్లకు పైనే. కొద్దిమంది ధనికులకు అమ్మే లెక్క వేరు, అందరికీ అమ్మే లెక్క వేరు. శాంతా రెండో లెక్కను ఎంచుకుంది.

మరుసటి ఏడాదే, 1998లో, హైదరాబాదులోని భారత్ బయోటెక్ తన టీకాను తెచ్చింది. పోటీతో ధర ఇంకా దిగింది. కంపెనీకి అది కష్టమే, బిడ్డలకు మేలు. 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫీ సంస్థ శాంతాను కొనేసింది. ఒకనాడు టీకా కోసం మనం విదేశీ కంపెనీల వైపు చూశాము. ఇప్పుడు వారే మన ఫ్యాక్టరీని కొన్నారు. ఇది గెలుపా, నష్టమా అన్న విషయంలో పెద్దలకే ఏకాభిప్రాయం లేదు.

ఈసారి మీ చెల్లినో తమ్ముణ్ణో టీకాకు తీసుకువెళితే, నర్సమ్మను అడిగి సీసా మీద ఉన్న కంపెనీ పేరు, ఊరు చదవండి.