సందేహాలు - సమాధానాలు: తప్పు వాళ్లది, పోయింది మన క్యాంపర్

వేసవి సెలవులయ్యాక అమెరికాలోని మన పాఠకుల నుంచి ఇలాంటి ఉత్తరాలు వస్తుంటాయి. పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కూర్చోబెట్టుకునే చిన్న ఇల్లే ట్రక్ క్యాంపర్. ఎవరో చేసిన తప్పుకి హైవే మీద దాన్ని పోగొట్టుకున్నవాళ్ల బాధలివి. రూల్సు రాష్ట్రానికో తీరు. మీ రాష్ట్రం ఏదో మనసులో పెట్టుకుని చదవండి.

ప్రశ్న: పోయిన వారం అమరిల్లో దగ్గర ఐ-40 మీద రెండు కార్లు పందెం వేసుకున్నట్టు వచ్చాయి. ఒకటి మా ముందుకి దూరింది. మా ట్రక్కు గిరగిరా తిరిగి, క్యాంపర్ ఊడిపోయి రోడ్డు మీద ముక్కలైంది. నాకూ మావారికీ పిల్లాడికీ గీతలే తప్ప ఏమీ కాలేదు. కానీ కళ్లు మూస్తే ఆ చప్పుడే. క్లెయిమ్ కాగితాలు ఇంకా ముట్టుకోలేదు. ఆలస్యమైపోయిందా? - ఒక గృహిణి, ఫ్రిస్కో

జవాబు: ఏమీ ఆలస్యం కాలేదమ్మా. ప్రమాదమైన మొదటి వారాల్లో చప్పుడుకి ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, పక్కన లారీ వెళ్తే చేతులు వణకడం మామూలే. చాలామందికి అవి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, లేదా అసలు కారే ఎక్కలేకపోతే డాక్టరుకి చెప్పండి. మెడనొప్పి, వదలని తలనొప్పి, వాంతులు, చేతుల్లో తిమ్మిరి ఉంటే మాత్రం ఈ రోజే వెళ్లండి, కొన్ని దెబ్బలు రోజులు గడిచాక బయటపడతాయి. కాగితాల మాటకొస్తే, టెక్సాస్‌లో ఆస్తినష్టానికి దావా వేయడానికి రెండేళ్ల గడువుంది. మీ సొంత ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం ఈ వారంలోనే ఫోన్ చేసి సంగతి చెప్పేయండి.

ప్రశ్న: "పాలసీ ట్రక్కుకే ఉంది, క్యాంపర్‌కి లేదు" అని మా ఏజెంటు తేల్చేశాడు. రెండూ ఒకటేననుకున్నాం. అంతా పోయినట్టేనా? - సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆస్టిన్

జవాబు: పోలేదు. మీ ఏజెంటు చెప్పింది మీ పాలసీ సంగతి, అదీ నిజమే కావచ్చు. క్యాంపర్‌కి ఇంజనూ లేదు, చక్రాలూ లేవు. చాలా రాష్ట్రాల్లో దానికి నంబరు ప్లేటు కూడా ఇవ్వరు. అందుకే విడిగా రాయించకపోతే ఇన్సూరెన్స్ లెక్కలో అది బండి కాదు, బండి మీది సామాను. అయితే తప్పు చేసిన డ్రైవరు పాలసీకి ఈ లెక్కలతో పనిలేదు. అతను పాడుచేసిన మీ ఆస్తి ఏదైనా సరే, అతని లయబిలిటీ కవరేజీ నుంచి అడిగే హక్కు మీకుంది.

అడిగేటప్పుడు ట్రక్కు ఒక వరుస, క్యాంపర్ ఒక వరుస, లోపలి సామాన్లు ఒక వరుసగా రాయండి. మూడూ కలిపి ఒకే అంకె వేస్తే క్యాంపర్ ట్రక్కులో కలిసిపోతుంది. ఇన్సూరెన్స్‌వాడిగా నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. కొన్న రసీదు, సీరియల్ నంబరు రేకు ఫొటో, మీ రాష్ట్రం టైటిల్ ఇచ్చి ఉంటే అదీ జత చేయండి.

ప్రశ్న: మమ్మల్ని గుద్దినాయన పాలసీలో ఆస్తినష్టానికి 15,000 డాలర్లే ఉన్నాయట. మా ట్రక్కు, క్యాంపర్ కలిపి అంతకు నాలుగింతలు. రాత్రంతా లెక్కలేసుకుంటూ కూర్చుంటున్నాను. - ఫ్రీమాంట్ పాఠకుడు

జవాబు: రాత్రిపూట వేసే లెక్కలు ఎప్పుడూ పెద్దవిగానే కనిపిస్తాయండీ, కొంచెం ఆగండి. 15,000 అన్నది కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఉన్న కనీస పరిమితి. అంతకుముందు 5,000 డాలర్లే ఉండేది, పెన్సిల్వేనియాలో ఇప్పటికీ అంతే. టెక్సాస్‌లో 25,000. ఇంత తక్కువ పాలసీతో తిరిగేవాళ్లు కోకొల్లలు, మీకొక్కరికే జరిగిన అన్యాయం కాదిది.

ముందుగా మీ పాలసీలో, తప్పు ఎవరిదైనా మీ బండికి మీ కంపెనీయే ఇచ్చే కొలిజన్ కవరేజీ ఉందేమో చూడండి. ఉంటే ట్రక్కుని దాని కింద పెట్టి, అవతలివాళ్ల 15,000 క్యాంపర్‌కి మిగిలేలా చేయవచ్చేమో మీ అడ్జస్టరుని అడగండి. అవతలాయనకి మామూలు పరిమితి దాటిన నష్టాన్ని భరించే అంబ్రెల్లా పాలసీ ఉందా, బండి యజమాని వేరే మనిషా, తప్పులో ఇంకో డ్రైవరుకీ వాటా ఉందా అన్నవి రాతపూర్వకంగా కనుక్కోండి. ఇద్దరిదీ తప్పైతే పాలసీలు రెండు. కంగారు పడాల్సింది ఒక్క చోటే: "ఇక ఎవరి మీదా ఏ క్లెయిమూ లేదు" అని ఉన్న రిలీజ్ కాగితం మీ ముందు పెడితే లాయరు చూడకుండా సంతకం చేయకండి. ఒకరిని వదిలేస్తున్నామనుకుని అందరినీ వదిలేసినవాళ్లున్నారు.

ప్రశ్న: మూడు కార్లు వరసగా గుద్దుకుని చివర మమ్మల్ని తోశాయి. ఇప్పుడు మూడు ఇన్సూరెన్సులూ "మాది కాదు, వాళ్లది" అంటున్నాయి. నెలన్నర గడిచింది. - శాన్ హోసే

జవాబు: వరస ప్రమాదాల్లో ఇది రివాజే, మీ క్లెయిమ్‌లో లోపం ఉందని కాదు. వాళ్లు తేల్చుకునేదాకా మీరు ఎదురుచూడక్కర్లేదు. మీకు కొలిజన్ ఉంటే మీ కంపెనీ దగ్గరే తీసుకోండి, తర్వాత ఆ ముగ్గురి వెంటా పడి వసూలు చేసుకునే పని వాళ్లది. దీన్నే సబ్రొగేషన్ అంటారు. మొదట మీరు భరించిన డిడక్టబుల్ కూడా వసూలైనదాన్ని బట్టి వెనక్కి వస్తుంది. ప్రీమియం పెరుగుతుందని జంకకండి, మీ తప్పు లేని ప్రమాదానికి రేటు పెంచడం కాలిఫోర్నియాలో చెల్లదు. వేరే రాష్ట్రాలవాళ్లు ఏజెంటుని ముందే అడగడం మంచిది.

ప్రశ్న: 42,000 పెట్టి కొన్న క్యాంపర్‌కి 19,000 ఇస్తామంటున్నారు. నాలుగేళ్లే అయింది. "ఇదే చివరి మాట" అన్నాడు అడ్జస్టరు. ఒప్పేసుకోవాలా? - డెన్వర్

జవాబు: తొందరపడకండి, మొదటి ఆఫరు తక్కువగా ఉండటం మామూలే. "చివరి మాట" అన్నది కూడా చాలాసార్లు చివరిది కాదు. కొత్తది కొనే ధర వాళ్లివ్వరు, ప్రమాదానికి ముందు రోజు దాన్ని అమ్మితే ఎంత వచ్చేదో అంతే ఇస్తారు. దీని పేరు యాక్చువల్ క్యాష్ వాల్యూ. అరుగుదల తీసేయడం న్యాయమే, దాంతో మాత్రం పోట్లాటకి దిగకండి.

పోట్లాడాల్సింది వాళ్లు ఆ ధర ఎక్కడ పట్టారన్న దాని మీద. కార్లు లక్షల్లో అమ్ముడవుతాయి కనుక కంప్యూటర్ వాటి ధర ఇట్టే చెబుతుంది. ట్రక్ క్యాంపర్లు అమ్మకానికి వచ్చేవే కొద్ది. కాబట్టి కంప్యూటర్‌కి పోలికకి దొరికేది ఏ పాత మోడలో, స్లైడవుట్ లేనిదో, రెండు రాష్ట్రాల అవతలిదో. వాల్యుయేషన్ రిపోర్టు కాపీ అడిగి తీసుకుని, అందులో పోల్చినవి మీలాంటివేనా చూడండి. ఆర్‌వీ ట్రేడర్ లాంటి అమ్మకాల సైట్లలో అదే మోడల్, దగ్గరి సంవత్సరం ప్రకటనలు నాలుగైదు తేదీతో సహా దాచండి, డీలరు దగ్గర రాతపూర్వకంగా ధర తీసుకోండి. మీరు బిగించుకున్న సోలార్ పలకలు, లిథియం బ్యాటరీలు, రూఫ్ ఏసీ, ట్రక్కు ఫ్రేముకి పెట్టించిన టై-డౌన్లు, వీటి రసీదులు విడిగా చేర్చండి. రసీదు పోతే కార్డు స్టేట్‌మెంటు చాలు. సేల్స్ ట్యాక్స్ కలిపారా అనీ అడగండి. ఇది మీ సొంత పాలసీ కింద క్లెయిమ్ అయితే, పాలసీలో అప్రైజల్ షరతు ఉందేమో చూడండి, ఉంటే రెండు వైపులా మదింపుదారుల్ని పెట్టుకోవచ్చు. అవతలివాళ్ల కంపెనీతో అయితే ఆ సౌకర్యం ఉండదు, రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకి ఫిర్యాదు చేయాలి, లేదంటే ఆ డ్రైవరు మీద కోర్టుకి. చిన్న మొత్తాల కోర్టు పరిమితి టెక్సాస్‌లో 20,000, కాలిఫోర్నియాలో వ్యక్తులకి 12,500 డాలర్లు. మీ కొలరాడో పరిమితి కౌంటీ కోర్టు గుమస్తా చెబుతారు.

ప్రశ్న: క్యాంపర్ మీద లోను ఇంకా ఉంది. వచ్చే డబ్బు లోనుకే చాలేలా లేదు. వాయిదా ఆపేస్తే తప్పా? - టాంపా

జవాబు: దయచేసి ఆపకండి. వస్తువు పోయినా అప్పు అలాగే ఉంటుంది, ఒక్క వాయిదా తప్పినా మీ క్రెడిట్ దెబ్బతింటుంది. పరిహారానికీ లోను బాకీకీ మధ్య తేడాని భరించే గ్యాప్ కవరేజీ కొన్నారేమో లోను కాగితాల్లో వెతకండి, కొని మరిచిపోయినవాళ్లు చాలామందే. బ్యాంకుకి సంగతి ఇప్పుడే చెబితే, చెక్కు ఎవరి పేర రావాలో కూడా వాళ్లే చెబుతారు.

ప్రశ్న: రోడ్డు పక్కన ఆ గుద్దినావిడ ఏడుస్తుంటే నేనే "సారీ, సారీ" అన్నాను. మా అబ్బాయి తిడుతున్నాడు, కేసు పోయిందంటాడు. - రిటైర్డ్ టీచరు, షార్లట్

జవాబు: అంతమాత్రాన కేసు పోదండీ. ఎదుటి మనిషి ఏడుస్తుంటే మనవాళ్ల నోటి నుంచి ముందు వచ్చే మాట అదే, అబ్బాయికి నా మాటగా చెప్పండి. పోలీసు రిపోర్టు, ఫొటోలు, సాక్షులు, డాష్‌క్యామ్ ఉంటే అదీ, వీటి బరువు ఎక్కువ. కానీ మీరుండేది నార్త్ కరోలినా కనుక ఒక జాగ్రత్త. అక్కడా, వర్జీనియా, మేరీల్యాండ్, అలబామా, వాషింగ్టన్ డీసీల్లోనూ మీది రవ్వంత తప్పు తేలినా అవతలివాళ్లు మొత్తం ఎగ్గొట్టే వీలుంది. టెక్సాస్‌లో అయితే మీ తప్పు సగం దాటితేనే ఆ చిక్కు. అవతలి కంపెనీవాళ్లు మాటలు రికార్డు చేస్తామని ఫోన్ చేస్తే ఒప్పుకోవాల్సిన పనిలేదు, లాయరుతో మాట్లాడాక చూద్దామనండి.

ప్రశ్న: మమ్మల్ని వెనక నుంచి కొట్టింది పద్దెనిమిది చక్రాల లారీ. పెద్ద కంపెనీ, పెద్ద లాయర్లు. మాలాంటివాళ్లం ఏం చేయగలం? - తుల్సా

జవాబు: భయం సహజమే, కానీ ఒక విధంగా మీ పరిస్థితి మెరుగు. రాష్ట్రాలు దాటి కిరాయికి సరుకు మోసే పెద్ద లారీలకి ఫెడరల్ రూల్ ప్రకారం కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ ఉండాలి. కనుక పాలసీ చాలదన్న బెంగ ఇక్కడ తక్కువ. లారీ తలుపు మీది యూఎస్‌డాట్ నంబరు మీ ఫొటోల్లో ఉందేమో చూడండి, దాన్ని పట్టుకుని కంపెనీ, ఇన్సూరెన్సు వివరాలు తెలుసుకోవచ్చు. డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో చెప్పే ఎలక్ట్రానిక్ లాగ్ రికార్డుల్ని ఆరు నెలలే ఉంచాలన్నది రూలు. అవి చెరిపేయవద్దని లాయరు చేత ఈ నెలలోనే ఉత్తరం రాయించండి. మీ కేసులో ఆలస్యం చేయకూడనిది ఇదొక్కటే.

ప్రశ్న: "మీరు సరిగ్గా కట్టలేదు, అందుకే క్యాంపర్ ఎగిరిపోయింది" అని మా మీదే తోస్తున్నారు. నిజంగా నా తప్పేనేమో అనిపిస్తోంది. - ఫీనిక్స్

జవాబు: అలా అనిపించడం సహజమే, వాళ్లన్నారని మాత్రం నిజమైపోదు. హైవే వేగంలో పక్క నుంచి దెబ్బ తగిలితే నాలుగు మూలలా సరిగ్గా బిగించిన క్యాంపరు కూడా ఊడవచ్చు, గొలుసులూ కొక్కేలూ ఉన్నవి ప్రయాణపు కుదుపులు తట్టుకోవడానికే. బయల్దేరేముందు తీసిన ఫొటోలు, వీడియోలు వెతకండి, పిల్లలు సెల్ఫీలో పట్టి ఉంటారు. టో యార్డులో ఉన్న ట్రక్కుని అమ్మేయనివ్వకండి. కొక్కెం వంగిందా, తెగిందా, తొట్టి రేకు చిరిగిందా అన్నది చూసి ఏ వైపు దెబ్బకి పోయిందో ఇంజనీరు చెప్పగలడు.

కంగారు పడాల్సిన సందర్భం ఒకటుంది. డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో పేలోడ్ అంకె ఉంటుంది. క్యాంపరు, నీళ్లు, సామాను, మనుషులు కలిపి దాన్ని మించిపోతే అవతలివాళ్లు తప్పులో మీకూ వాటా అంటగడతారు. అరిజోనాలో అలా తేలినా మీ వాటా మేరకే కోత, మొత్తం పోదు. అంకె మించిందనిపిస్తే వాళ్లతో వాదించకుండా లాయరుకి చెప్పండి.

ప్రశ్న: క్యాంపర్ శిథిలాలు యార్డులో ఉన్నాయి. అందులో మా అత్తగారి వెండి దీపాలు, కుక్కరు, ఆవకాయ జాడీ, పిల్లల బట్టలు. వెళ్లాలంటే ధైర్యం చాలడం లేదు. - పాఠకురాలు, ఇర్వింగ్

జవాబు: మీరే వెళ్లాలని లేదమ్మా, నమ్మకమైనవాళ్లని పంపినా సరే, యార్డుకి ముందు ఫోన్ చేసి ఏం కాగితం కావాలో అడగండి. కానీ తొందరగా పంపండి, రోజుకింత అని యార్డు అద్దె పెరుగుతూ ఉంటుంది, ఆలస్యం మీవల్లే అయితే ఆ రోజులకి ఇన్సూరెన్స్ ఇవ్వకపోవచ్చు. లోపలికి వెళ్లే ముందు గ్యాస్ వాసన చూడమనండి. ప్రొపేన్ సిలిండరు పైపు చితికి ఉండవచ్చు, వాసన వస్తే దూరంగా వచ్చి యార్డువాళ్లకి చెప్పాలి, లైటరూ స్విచ్చులూ ముట్టకూడదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు, ఇంటికి తేవద్దు. దేన్నీ కదపకముందే ఫొటోలు తీసి, పగిలిన ప్రతి వస్తువూ జాబితాలో రాయండి, జాడీతో సహా. మీ ఇంటి ఇన్సూరెన్స్ కూడా బయట పాడైన సామాన్లకి కొంత ఇవ్వవచ్చు, వెండికి మాత్రం అందులో పరిమితి ఉండవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడ హెచ్-1బీ మీద ఉన్నాడు. ఎవరో గుద్దితే బండి పోయింది, ఇన్సూరెన్స్ డబ్బుకి అడిగాడట. దీనివల్ల వీసాకి ఏమైనా అవుతుందా? వాడు చెప్పడు. - ఒక తల్లి, తెనాలి

జవాబు: ఏమీ కాదమ్మా. దెబ్బ తగిలినవాడు పరిహారం అడగడం తప్పు కాదు, అది ప్రభుత్వ సాయమూ కాదు. గ్రీన్‌కార్డుకీ అడ్డు రాదు. తాగి నడిపాడని గానీ, మరేదైనా నేరం మోపి గానీ మీ అబ్బాయి మీదే కేసు పెట్టి ఉంటేనే ఇమ్మిగ్రేషన్ లాయరు అవసరం. ఈసారి ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతి కాకుండా, మెడనొప్పి ఉందా, నిద్ర పడుతోందా అని అడగండి. మగపిల్లలు అవి దాస్తారు.

ప్రశ్న: మళ్లీ క్యాంపర్ కొందామని ఆయన, వద్దే వద్దని నేను. మీరేమంటారు? - సియాటిల్

జవాబు: ఇన్సూరెన్స్‌వాడిని సంసారం మధ్యలోకి లాగుతున్నారు! కొనడానికి గడువేమీ లేదు, మీకు హైవే మీద భయం తగ్గేదాకా ఆయన్ని ఆగమనండి. ఎప్పుడైనా కొంటే క్యాంపర్‌ని పాలసీలో విడిగా, సీరియల్ నంబరుతో రాయించమనండి, పోతే ఎంతిస్తారో ముందే ఒప్పుకునే అగ్రీడ్ వాల్యూ దొరుకుతుందేమో అడగమనండి. ఆ పాలసీ కాగితం చేతికి రాకముందే డీలరు దగ్గర్నుంచి బయల్దేరకండి.